నీలం ఎటు పోయింది

గంజి పెట్టిన నూలు చీరె మీద అయోడిన్ మందు చుక్క పడితే అక్కడ నల్లటి నీలం పుడుతుంది. మొన్న అమ్మ కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ తరుగుతూ వేలు కోసుకుంది. దూదితో మందు అద్దుతుంటే ఒక చుక్క జారి కొంగు మీద పడింది. సీసాలో గోధుమరంగుగా ఉన్న మందు కొంగు మీద పడగానే నీలమైంది. నేను కంగారు పడ్డాను కానీ అమ్మ పడలేదు. "గంజి చీరెకు గట్లనే అయితది బిడ్డా, అదే పోతది తియ్" అన్నది. నిజంగానే పోయింది. ఎవరూ ఉతకలేదు, రుద్దలేదు, చీరె దండెం మీదే ఉంది. ఒక్కో పూటకు ఆ మరక పలచబడుతూ చివరికి ఎక్కడ పడిందో వెతుక్కునేంతగా మాసిపోయింది. అమ్మకు అక్కడితో సంగతి తీరిపోయింది. నాకు మాత్రం అప్పటి నుంచీ ఒకటే గుచ్చుతోంది. ఆ నీలం పుట్టడానికి ఇద్దరు కలవాలి కదా, గంజిలోని పిండిపదార్థం ఒకటి, మందులోని అయోడిన్ ఒకటి. నీలం పోయిందంటే ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు వెళ్ళిపోయి ఉండాలి. ఎవరు వెళ్ళారు? చీరె ఇంకా బిరుసుగానే ఉంది కాబట్టి గంజి ఉంది. అయోడిన్ గాలిలోకి మెల్లగా లేచిపోయి ఉండాలి. చీరె అంచు పట్టుకుని నలిపి చూస్తే తేలిపోయే లెక్క ఇది. కానీ అంత తేలికగా తేలని చోట్ల ఏం చేస్తాం? ఒక రంగు పోవడం చూసి, ఎవరు తీసుకుపోయారో చెప్పగలమా?

నల్లగొండలో చదువుకున్న రోజుల్లో ప్రయోగశాలలో ఆ నీలాన్ని రెండు విధాలుగా పోగొట్టడం చూశాను. పలుచని గంజి నీళ్ళలో ఒక చుక్క అయోడిన్ వేసి రెండు పరీక్షనాళికల్లో పోసుకోవాలి. మొదటి దానిలో హైపో వేస్తాం. పుస్తకాల్లో దాని పేరు సోడియం థయోసల్ఫేట్, ఫొటో స్టూడియోల వాళ్ళు మాత్రం ఎప్పుడూ హైపో అనే అన్నారు. ఫిల్ముల కాలంలో చీకటి గదిలో బొమ్మను నిలబెట్టింది ఆ తెల్లటి పలుకులే. దాని స్వభావం ఇవ్వడం. ఎదుటివాడికి ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, అందుకే దాన్ని క్షయకరణి అంటారు. అయోడిన్ ఆ ఎలక్ట్రాన్లు పుచ్చుకుని అయోడైడ్ అయిపోతుంది, అయోడైడ్‌కు గంజితో నీలం పట్టదు. రెండో నాళికలో నోట్లో ఊరిన ఎంగిలిని కాసిని నీళ్ళతో కలిపి పోస్తాం. అందులో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది అయోడిన్ జోలికి పోదు. గంజి గొలుసులను పట్టి ముక్కలు చేసుకుంటూ పోతుంది. బువ్వను మింగకుండా ఎక్కువసేపు నమిలితే నాలుక మీద తీపి తగిలేది అందుకే. కొంతసేపటికి రెండు నాళికల్లోనూ నీలం ఉండదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, అప్పుడే గదిలోకి వచ్చిన మనిషిని పిలిచి చూపిస్తే, ఒకే పని రెండుసార్లు జరిగిందనుకుంటాడు. ఒకదానిలో అయోడిన్ పోయింది, రెండో దానిలో గంజి పోయింది. కంటికి మాత్రం రెండూ ఒకటే.

ఒకటే అన్నాను కానీ, దగ్గరుండి చూసినవాళ్ళకు ఒకటి కావు. హైపో పడగానే నీలం చప్పున పోతుంది, నడుమ మజిలీ లేదు. ఎంగిలి పోసిన నాళికలో నీలం మొదట ఊదాకు తిరుగుతుంది, ఆ తర్వాత ఎర్రమట్టి రంగుకు దిగుతుంది, చివరికి అయోడిన్ సొంత పసుపు ఒక్కటే మిగులుతుంది. గంజి గొలుసు మెలికలు తిరిగి ఉంటుంది, ఆ మెలికల లోపల అయోడిన్ వరసగా కుదురుకుంటేనే నీలం. గొలుసు తెగి పొట్టిదైనకొద్దీ లోపల చోటు తగ్గుతుంది, రంగు ఎరుపు వైపు జరుగుతుంది. అంటే రంగు మారిన తీరే గొలుసు ఎంత తెగిందో చెబుతోంది. ఇంకో పరీక్ష కూడా ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. నీలం పోయిన రెండు నాళికల్లోనూ మళ్ళీ అయోడిన్ పోయడం. హైపో మిగిలి ఉంటే అది కాస్త తింటుంది, అది అయిపోగానే నీలం తిరిగి వస్తుంది, ఎందుకంటే గంజి చెక్కుచెదరలేదు. ఎంగిలి నాళికలో ఎంత పోసినా నీలం రాదు. మూడో రకం కూడా ఉంది, దాన్ని మరవకూడదు. నీలపు నాళికను ఊరికే వేడి చేస్తే రంగు పోతుంది, చల్లారితే తనంతట తానే వస్తుంది. అక్కడ ఎవరూ పోలేదు, అయోడిన్ గొలుసు వదిలి కాసేపు బయట తిరిగింది అంతే. ఒక్క నీలం పోవడంలో ఇన్ని తేడాలుంటే, "పోయింది" అన్న ఒక్క మాటతో ఎన్ని సంగతులను కలిపి మూటగడుతున్నామో కదా అనిపిస్తుంది.

సముద్రపు నాచు బూడిద నుంచి ఫ్రాన్స్‌లో కూర్త్వా 1811లో అయోడిన్‌ను బయటికి తీశాడు. మూడేళ్ళు తిరగకుండానే, 1814లో, కొలాఁ, గోతియే ద క్లోబ్రీ అనే ఇద్దరు అది గంజిని నీలం చేస్తుందని రాశారు. ఎంగిలి గంజిని కరిగించి తీపి చేస్తుందని 1831లో లాయిక్స్ అనే జర్మన్ చూశాడు. 1833లో పారిస్‌లో పేయన్, పెర్సో మొలకెత్తిన బార్లీ నుంచి అదే పని చేసే పదార్థాన్ని విడదీసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మందుల షాపులో దొరికే అరుగుదల మాత్రల అట్ట తిప్పి చదివితే ఇప్పటికీ ఆ పేరు కనిపిస్తుంది. ఈ వరసలో నన్ను ఆపేది ఒక విషయం. వీళ్ళంతా ఏం జరిగిందో చెప్పారు. ఎంతసేపట్లో జరిగిందన్న ప్రశ్న అప్పటికి ఇంకా గట్టిగా లేవలేదు. 1850లో విల్‌హెల్మీ ఆ ప్రశ్న అడిగాడు. ఆమ్లం కలిపిన చెరకు చక్కెర నీళ్ళలోంచి ధ్రువిత కాంతిని పంపి, చక్కెర విడిపోతున్నకొద్దీ ఆ కాంతి ఎంత తిరుగుతోందో గడియారం పెట్టుకుని రాసుకున్నాడు. చక్కెర ఎంత మిగిలి ఉంటే వేగం అంత, మిగిలింది తగ్గినకొద్దీ వేగమూ తగ్గుతుంది. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. కానీ కాలాన్ని కొలతల్లోకి తెచ్చిన ఘనత అది. వంటింట్లో ప్రతి ఆడమనిషికీ తెలిసిన కాలం రసాయన శాస్త్రంలోకి రావడానికి అంత ఆలస్యం ఎందుకైంది? బహుశా ఫలితం చేతికి వచ్చాక దారి గురించి అడగాలన్న ఆలోచన అంత సులువుగా రాదేమో.

ఇంటర్‌లో ఆ దారి గురించి అడగడం మాకు హైపోతోనే నేర్పారు. తెల్ల కాగితం మీద పెన్సిలుతో ఇంటూ గుర్తు గీసి, దాని మీద గాజు పాత్ర పెట్టి, అందులో హైపో ద్రావణం పోసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలుపుతాం. హైపో విడిపోయి గంధకం తెల్లగా, తర్వాత లేత పసుపుగా ముసురుకుంటుంది. పైనుంచి చూస్తే కింది గుర్తు ఎప్పుడు కనబడకుండా పోతుందో అంతవరకు పట్టిన సెకన్లు రాసుకోవాలి. హైపో సగం చేస్తే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. పది డిగ్రీల వేడి పెంచితే సమయం సుమారు సగానికి పడిపోతుంది. వేడి పెంచేకొద్దీ వేగం పెరుగుతూనే పోతుంది, దానికి అలుపు లేదు. ఎంగిలి అలా కాదు. మన ఒంటి వేడి, అంటే ముప్పై ఏడు డిగ్రీల చుట్టూ, బాగా పని చేస్తుంది. ఇంకా వేడి చేస్తూ పోతే ఒక దశలో వేగం పడిపోయి, మరిగిస్తే ఎంగిలి ఎంగిలిగా మిగలదు, గంజి నీలంగానే ఉండిపోతుంది. ఆ ఎంజైమ్ ఒక ప్రోటీన్, దాని మడత విప్పుకుపోతే పని పోతుంది. వేడిని పెంచితే వేగం పెరిగిందా తగ్గిందా అన్న ఒక్క ప్రశ్నతో, నాళికలో ఉన్నది ప్రాణి నుంచి వచ్చిందా రాయి నుంచి వచ్చిందా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ఇది నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా అబ్బురమే.

ఇంకో తేడా మరీ లోతైనది. హైపో తాను ఖర్చవుతుంది. రెండు థయోసల్ఫేట్లు కలిసి ఒక అయోడిన్ అణువును అయోడైడ్ చేస్తాయి, ఆ పనిలో అవీ మారిపోతాయి. కాబట్టి ఎంత నీలం పోయిందో అంత హైపో పోయింది, లెక్క నికరం. ఎంజైమ్ ఖర్చు కాదు. ఒక గొలుసును తెంచి మళ్ళీ మొదటిలా నిలబడి ఇంకో గొలుసును అందుకుంటుంది. కొంచెం ఎంగిలి చాలా గంజిని తినగలదు, దానికి కావలసింది సమయం. ఆ సమయానికీ ఒక హద్దు ఉందని 1913లో బెర్లిన్‌లో లియోనార్ మికాయిలిస్, కెనడా నుంచి అక్కడికి వెళ్ళిన మాడ్ మెంటెన్ లెక్క కట్టి చూపించారు. వాళ్ళు తీసుకున్నది చక్కెరను విడదీసే ఇన్వర్టేజ్. చక్కెర పెంచుతూ పోతే మొదట వేగం పెరుగుతుంది, తర్వాత ఎంత పెంచినా పెరగదు. బంతి భోజనాల్లో వడ్డించేవాళ్ళు నలుగురే ఉన్నప్పుడు ఇంకో వంద ఆకులు వేసినా వడ్డన వేగం పెరగనట్టు. ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాల తలుపులు సగమే తెరుచుకున్న కాలంలో, సముద్రం దాటి పోయి, ఈ పని చేసిన మెంటెన్‌ను తలుచుకుంటే గౌరవం కలుగుతుంది. జీవరసాయనం చదివే ప్రతి పిల్లా ఆ ఇద్దరి పేర్లూ జంటగా పలుకుతుంది.

క్షయకరణికీ జీర్ణ ఎంజైముకూ ఎప్పుడూ వేర్వేరు నాళికలే అనుకోకూడదు. మటన్ మెత్తబడడానికి పచ్చి బొప్పాయి నూరి పట్టిస్తాం, ఆ కాయ పాలలో ఉన్నది పపైన్. అది మాంసపు ప్రోటీన్లను తెంచుతుంది. అరుగుదల మాత్రల్లో డయాస్టేజ్ పక్కన దాన్ని కూడా కలుపుతారు. పపైన్ పని చేసే చోట ఒక గంధకపు కొన ఉంటుంది. గాలి తగిలి ఆ కొన ఆక్సీకరణం చెందితే ఎంజైమ్ మొద్దుబారుతుంది. అందుకే బొప్పాయి పాలు ఎండబెట్టేటప్పుడు సోడియం మెటాబైసల్ఫైట్ లాంటి క్షయకరణిని కలుపుతారు, అది గాలి దెబ్బను తాను కాసుకుంటుంది. ఒక నాళికలో నీలాన్ని మింగిన జాతి పదార్థమే ఇక్కడ ఎంజైముకు కాపలా. ఒక పదార్థం మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్ళకు నేను ఇదే చెబుతుంటాను. ఎవరి పక్కన ఉంది, ఎంత ఉంది, ఎంతసేపు ఉంది, అవి చెప్పకుండా ఏ పదార్థానికీ గుణం చెప్పలేం.

రంగు ఎంతసేపట్లో వచ్చిందన్న చిన్న ప్రశ్న ఎంత దూరం తీసుకుపోగలదో చూపినవాడు మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నదమ్ములను తీసుకుపోయింది, తనను కూడా చావు అంచుదాకా తీసుకెళ్ళింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నాడు. తిన్నది ఒంటబట్టకపోవడం అంటే ఏమిటో ఆ మనిషికి పుస్తకాల ద్వారా తెలియలేదు. 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర పనికి కుదిరాడు. 1925లో ఇద్దరూ కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, దాన్ని ఒక క్షయకరణితో తాకిస్తే, భాస్వరం ఎంత ఉంటే అంత నీలం పుడుతుంది. ఆ క్షయకరణి సేంద్రియ పదార్థమే కానీ, గాలికి చెడిపోకుండా దాన్ని నిలబెట్టేవి సోడియం బైసల్ఫైట్, సల్ఫైట్. రక్తంలో, మూత్రంలో అది చక్కగా పని చేసింది. కండరపు సారంతో చేసినప్పుడు నీలం రావలసిన వేళకు రాలేదు, తీరిగ్గా పెరుగుతూ వచ్చింది. అక్కడ చాలామంది ఏం చేసి ఉండేవాళ్ళు? ఇంకాసేపు ఆగి, రంగు నిలబడ్డాక అంకె రాసుకుని ముందుకు పోయేవాళ్ళు. వీళ్ళు ఆ ఆలస్యం దగ్గర ఆగారు. నీలం మెల్లగా వస్తోందంటే భాస్వరం మెల్లగా విడుదలవుతోందని అర్థం, అంటే అది ఇంకో పదార్థంతో కట్టుబడి ఉండాలి. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, కండరం కదలికకు చేతి కింద ఉంచుకునే నిల్వ అది. తర్వాత రెండేళ్ళకు ఏటీపీ. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ వర్గపు మందుల దాకా ఆయన పేరు వినిపిస్తుంది. కానీ నాకు మాత్రం ఆ ఆలస్యపు నీలం దగ్గర కూర్చున్న సుబ్బారావే ఎక్కువ దగ్గరగా అనిపిస్తాడు. తొందరపడని చూపు అది.

నల్లగొండ పక్కనే మా పానగల్‌లో తొందరపడని చూపు అవసరమైన చోటు ఒకటి ఉంది, ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోడులు పానగల్ రాజధానిగా ఏలిన కాలపు త్రికూటాలయం, ఒకే మండపానికి మూడు గర్భగుళ్ళు. అందులో ఒక గర్భగుడిలో లింగం దగ్గర స్తంభాకారపు నీడ ఒకటి నిలిచి ఉంటుంది. పొద్దు పొడిచింది మొదలు గూకేదాకా సూర్యుడు అంత దూరం నడుస్తాడు, నీడ మాత్రం తన చోటు వదలదు. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని చూసినప్పుడు ఏ స్తంభం నీడో తేల్చాలని ఒక్కొక్క స్తంభం ముందు నిలబడేవాళ్ళం, ఎక్కడ నిలబడ్డా మా నీడ దానికి అడ్డం పడేది కాదు. భౌతికశాస్త్రం చెప్పేవాళ్ళు దీన్ని స్తంభాల నడుమ నుంచి పలు దిక్కులుగా చొరబడే వెలుగుతో వివరించారు. నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు, పలు స్తంభాల పని కలిసి అక్కడ ఒకే చీకటి పట్టీ ఏర్పడుతోంది. పొద్దు జరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుగు మారుతూనే ఉంటుంది, ఫలితం మాత్రం మారదు. నిశ్చలంగా కనిపించేదాని లోపల ఎంత కదలిక! 1886లో హాన్స్ లాండోల్ట్ కనిపెట్టిన అయోడిన్ గడియారాన్ని చూసినప్పుడు నాకు ఆ గుడే మనసులో మెదిలింది. అయోడేట్ ద్రావణంలో గంజి, బైసల్ఫైట్ కలుపుతాం. ఏమీ జరగదు, నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. అలా ఉండి ఉండి ఒక్క రెప్పపాటులో పాత్ర మొత్తం నీలమైపోతుంది. నిజానికి మొదటి నుంచీ అయోడిన్ పుడుతూనే ఉంది, పుట్టినదాన్ని పుట్టినట్టే బైసల్ఫైట్ మింగుతూ వచ్చింది. అది అయిపోయిన క్షణం నీలం. ఏమీ జరగలేదనుకున్న సమయమే అసలు పని జరిగిన సమయం.

ఇక్కడే నా ఆలోచన ఒక మూడో నాళిక దగ్గరికి వచ్చి ఆగుతుంది. బడిలో దాన్ని ఎవరూ చేయించరు. నీలపు గంజి నీళ్ళలో హైపో, ఎంగిలి రెండూ ఒకేసారి పోస్తే? హైపో తక్షణం నీలాన్ని తీసేస్తుంది. చూసేవాళ్ళకు కథ ముగిసింది, నీళ్ళు తేటగా ఉన్నాయి. కానీ ఎంగిలి పని ఇప్పుడే మొదలైంది. రంగులేని ఆ నీళ్ళలో గంజి గొలుసులు ఒక్కొక్కటే తెగుతుంటాయి. దాన్ని చూపించవలసిన అయోడిన్ ఇప్పుడు లేదు కాబట్టి ఏ కంటికీ అది కనబడదు. అప్పుడప్పుడు కొంచెం తీసి, హైపో తీరేదాకా అయోడిన్ పోసి చూస్తే తప్ప, ఎంతవరకు తెగిందో తెలియదు. వడిగా జరిగేది నెమ్మదిగా జరిగేదాన్ని కప్పేసింది. అబద్ధం చెప్పి కప్పలేదు, నీలం పోయిందన్నది నిజమే. ఆ నిజం ముందుగా వచ్చి కూర్చోవడం వల్ల రెండో నిజానికి చోటు లేకుండా పోయింది. నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్ళకు ఈ నాళికను చూస్తూ నీళ్ళ సంగతి తలుచుకోకుండా ఉండడం కష్టం.

మా నేల గ్రానైటు, ఆ రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేకపోతే ఒకటిన్నర వరకు అని భారతీయ ప్రమాణం. అంతకు ఎన్నో రెట్లున్న నీళ్ళు తాగి బతికిన ఊళ్ళు మావి. ఆ నీళ్ళతో ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు వైపు వైద్యులు మొదట రాశారు, 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ మనుషుల వంగిన వెన్నుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. అంటే ఈ బాధ బోర్లతో పుట్టలేదు, చేదబావుల కాలంలోనూ ఉంది. కానీ తర్వాత జరిగింది ఆ మూడో నాళికలో జరిగినదే. కలరా, విరేచనాలు గంటల్లో మనిషిని తీసుకుపోతాయి, అవి అందరికీ కనిపించిన శత్రువులు. వాటికి విరుగుడుగా లోతైన బోరు నీళ్ళు, బ్లీచింగ్ పౌడరు వచ్చాయి. అవి ప్రాణాలు కాపాడాయి, అందులో సందేహం లేదు. ఆ నీళ్ళు తేటగా, క్రిములు లేకుండా ఉన్నాయి కాబట్టి మంచి నీళ్ళన్నారు. క్లోరిన్ వేసిన నీళ్ళలో క్రిములున్నాయా అని చూసేందుకు సీసాలో ముందుగానే కాస్త హైపో వేసి పట్టుకెళ్తారు, దారిలో క్లోరిన్ ఇంకా పని చేసి లెక్క తప్పించకుండా. ఆ సీసా క్రిముల గురించి నిజమే చెప్పింది. ఫ్లోరైడ్ గురించి చెప్పడానికి వేరే పరీక్ష కావాలి. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన ఎరుపులోంచి ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాక్కుంటే ఆ ఎరుపు వెలిసిపోతుంది. పాత పద్ధతిలో ఆ వెలవెలబోవడం తేలడానికి గంటసేపు ఆగాలి. గంట ఆగితే నీళ్ళ సంగతి తెలుస్తుంది. ఎముకల సంగతి తెలియడానికి ఇరవై, ముప్పై ఏళ్ళు.

పైకి ఏమీ కనబడకుండా లోపల పని సాగే ఎముకను అయోడిన్ గడియారంతో పోల్చడం సరైనదేనా అని నాలో నేనే వాదించుకుంటాను. అంతా సరిపోదు. ఎముకలో ఒక్క క్షణాన మారిపోవడం ఉండదు, ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ పేరుకుని, కీళ్ళ దగ్గర పట్టు బిగిసి, మెడ తిప్పలేక, చివరికి కూర్చున్నచోటి నుంచి లేవలేక. పళ్ళ మీద పసుపు, గోధుమ చారలు మాత్రం చిన్నప్పుడే వస్తాయి, శాశ్వత దంతాలు లోపల తయారవుతున్న వయసులో తాగిన నీళ్ళ గుర్తు అవి. మా తరం పిల్లలు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. పైగా ఫ్లోరైడ్ ఒక్కటే లెక్కలో లేదు. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఇక్కడి కుర్రవాళ్ళలో మోకాళ్ళు లోపలికి వంగి పాదాలు దూరమయ్యే కొత్త రూపాన్ని గమనించి, 1973లో లాన్సెట్‌లో రాశారు. అది జొన్న తినేవాళ్ళలో ఎక్కువ. జొన్నలో మాలిబ్డినం ఎక్కువై శరీరంలోని రాగిని బయటికి పంపిస్తోందేమోనని అనుమానించారు, నాగార్జునసాగర్ తర్వాత నేలలో నీటి మట్టం మారడాన్ని కూడా దానికి జోడించినవాళ్ళున్నారు. బోస్టన్‌లో సుబ్బారావుకు నీలం ఇచ్చిన మాలిబ్డినమే ఇక్కడ మా జొన్న గటకలో! ఒక్క కారణం దగ్గర ఆగనివాళ్ళే ఇలాంటివి పట్టుకోగలరు. నీటిలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఒక పద్ధతి తయారుచేసి దానికి నల్లగొండ పేరే పెట్టారు. టాంజానియా లాంటి చోట్ల కూడా దాన్ని వాడి చూశారు. అందులోనూ వేగమే కీలకం. మందు కలిపాక ముందు వడిగా తిప్పాలి, తర్వాత నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, అప్పుడే తెల్లటి తుంపులు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతాయి.

ఇప్పుడు పానగల్ చెరువు ఉదయసముద్రంలో కృష్ణ నీళ్ళున్నాయి. చోడుల కాలంలో కట్టిన ఆ చెరువు ఈనాడు శ్రీశైలం ఎడమగట్టు కాలువ పథకంలో రిజర్వాయరు. మిషన్ భగీరథ నల్లాలు ఇళ్ళలోకి వచ్చాయి. కొత్తగా పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా వస్తుంటే సంతోషం పట్టలేం. కానీ నీళ్ళు మారిన రోజున ఎముకలు మారవు. ఎముక తనను తాను కొద్దికొద్దిగా అరగదీసుకుని మళ్ళీ కట్టుకుంటుంది, ఆ లెక్కలోనే ఫ్లోరైడ్ బయటికి రావాలి, దానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది. వంగి బిగిసిపోయిన వెన్ను మళ్ళీ లేవదు. నల్లా ప్రారంభించిన తేదీతో కాగితం మీద సమస్య ముగిసినట్టు రాసుకుంటే, అది తేటగా ఉన్న మూడో నాళికను చూసి కథ అయిపోయిందనడమే. మా జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళలో నీళ్ళ పరీక్షతో పాటు మనుషుల పరీక్ష కూడా ఏటా జరగాలి. పిల్లల పళ్ళు, పెద్దల కీళ్ళు, మూత్రంలో ఫ్లోరైడ్, ఇవన్నీ ఒకే పుస్తకంలో తేదీలతో ఎక్కాలి, పింఛను అందుతున్నవాళ్ళ మందులకూ కాల్షియానికీ ఆ పుస్తకం ఆధారం కావాలి. బడుల్లో మాత్రం పదో తరగతి పిల్లల చేత ఎంగిలి ప్రయోగం చేయించేటప్పుడు మూడో నాళిక కూడా పెట్టించమని, పక్కన ఒక గడియారం ఉంచమని సైన్సు సార్లను, టీచర్లను అడుగుతున్నాను. హైపో ఖరీదు పెద్దది కాదు, ఎంగిలికి ఖరీదే లేదు.